సమాపక క్రియ

బర్ దుబాయ్‌లో రామచంద్రరావు గారి ఫ్లాటు ముందు చెప్పులు ఎక్కడ విడవాలో వాసంతికి తెలియలేదు. తండ్రి లింబాద్రి తన బూట్లు లిఫ్టు పక్కన గోడవారగా విడిచాడు. ఆమె తన చెప్పుల్ని వాటి పక్కన పెట్టి, పదో తరగతి మార్కుల మెమో ఉన్న కవరును గుండెకు ఆనించుకుంది.

"అంత దూరంలో ఎందుకండీ? లోపలే విడవొచ్చు," అంటూ కృష్ణవేణి తలుపు పూర్తిగా తెరిచింది.

కృష్ణవేణి రామచంద్రరావు గారి భార్య. ఇండియన్ స్కూల్లో పెద్ద తరగతులకు సూపర్‌వైజరు. ఆ స్కూల్లో పదకొండో తరగతిలో ఒకే ఒక్క సీటు మిగిలింది. అది దొరికితే వాసంతి అమ్మానాన్నల దగ్గరే ఉండి చదువుకుంటుంది. దొరక్కపోతే వచ్చే వారం జగిత్యాల దగ్గరి ఊరికి తిరిగి వెళ్ళి, మేనత్త ఇంట్లో ఉంటూ కాలేజీలో చేరాలి. జూన్‌లో దుబాయ్ వచ్చినప్పటి నుంచి ఆమె తండ్రిని రోజూ చూస్తోంది. అంతకు ముందు రెండేళ్ళకోసారి ఒక నెల చూసేది.

సోఫా అంచున కూర్చున్న లింబాద్రి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. జెబెల్ అలీ గోదాంలో ఎక్కిదిగే సరుకు పాలెట్ల లెక్క చూసే మనిషి. అక్కడ హిందీలో, అరబ్బీలో గట్టిగా అరుస్తాడు. ఇక్కడ గొంతు లేనట్టు కూర్చున్నాడు.

కృష్ణవేణి మెమో చూసింది. "తెలుగులో బాగానే వచ్చాయి. ఇంగ్లీషే కష్టమవుతుంది. అయినా నేను చెప్తే ప్రిన్సిపాల్ వింటారు."

లోపలి గదిలోంచి రామచంద్రరావు వచ్చాడు. తెల్లటి జుట్టు, ఇస్త్రీ లుంగీ. దుబాయ్‌లోని తెలుగు వాళ్ళ సంఘానికి ఎప్పటి నుంచో ఆయనే అధ్యక్షుడు. చేతిలో ఒక కార్డు ఉంది.

"ఏమయ్యా లింబాద్రీ, కాలు ఎలా ఉంది?"

"మంచిగనే ఉన్నది సార్. మీ దయ."

"నా దయేంటయ్యా. ఎముక అతికించింది డాక్టరు." ఆయన నవ్వి, వాసంతి వైపు తిరిగాడు. "మా నిఖితకి తెలుగు చదవడం రాదు. నువ్వు చదువమ్మా చూద్దాం."

సోఫా చివర ఫోను చూసుకుంటున్న నిఖిత, "తాతయ్యా, ప్లీజ్," అంది.

వాసంతి కార్డు తీసుకుని నిలబడింది. స్కూల్లో నిలబడే చదివేది. "సభ్యులందరూ శుక్రవారం సమావేశానికి విచ్చేసి, సంఘంలో ఉండటమో పోవటమో మైకు ముందు స్పష్టంగా తెలపాలి."

"శభాష్. ఎక్కడా తడబడలేదు. ఇందులో సమాపక క్రియ ఏది?"

"తెలపాలి, సార్."

"మరి 'విచ్చేసి'?"

"అసమాపక క్రియ. దాంతోని వాక్యం పూర్తి గాదు సార్."

రామచంద్రరావు కళ్ళు మెరిశాయి. "చూశావా వేణీ! వీధి బడిలో చదివిన పిల్ల." తర్వాత ఆయన ముఖం నెమ్మదిగా మారింది. "అక్కడ రాష్ట్రం విడగొడతామన్నారు. సరే, ఢిల్లీ వాళ్ళ ఇష్టం. ఇక్కడ సంఘాన్ని కూడా విడగొట్టాలంటున్నారు మీవాళ్ళు. ఉండేవాళ్ళు ఉంటారు, పోయేవాళ్ళు పోతారు. చీటీలైతే మళ్ళీ దొంగ చీటీలంటారు. అందుకే మైకు."

లింబాద్రి నేల వైపు చూశాడు.

"శుక్రవారం మీ వాళ్ళందరినీ తీసుకు రండి," అంది కృష్ణవేణి, మెమోను కవర్లో పెట్టి తిరిగిస్తూ. "ఆదివారం పాపని స్కూలుకి తీసుకురండి."

ఆ రెండు మాటల మధ్య ఆమె ఆగలేదు. లిఫ్టు కిందికి దిగుతున్నంతసేపూ వాసంతి చెవుల్లో ఆ రెండూ ఒకే వాక్యంలా వినిపించాయి.

సత్వాలో వాళ్ళు ఉండేది పాత విల్లాలో ఒక గది. వంటగది అందరిదీ. పక్క గదిలో అంజి, నూర్ మొహమ్మద్, ఇంకొంతమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. వెనక గదిలో గోదావరి జిల్లా నుంచి వచ్చిన డ్రైవరు అబ్బులు.

గురువారం సాయంత్రం లింబాద్రి మంచం మీద దుప్పటి పరిచి, రేపటి చొక్కా ఇస్త్రీ చేస్తున్నాడు. వాసంతి తల్లి లింగవ్వ గడప దగ్గర కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. వాసంతి కింద కూర్చుని, తీసిన పిక్కల్ని డబ్బాలో వేస్తోంది. అంజి తలుపుకు ఆనుకున్నాడు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాడు, చెవుల మీద ఇంకా దుమ్ము ఉంది.

"సంఘం ఉగాది నాటకం యాదికున్నదా లింబన్నా? అండ్ల వాచ్‌మన్ ఒక్కడే మన మాట మాట్లాడిండు. నోరు తెరిస్తే చాలు, హాలంత నవ్వుడే. 'ఏంది సార్' అంటే నవ్వుడు, 'గిట్ల' అంటే నవ్వుడు. ఆ నాటకానికి కుర్చీలు మోసింది ఎవరు? మనమే. మోసినంక ఎనుక నిలవడి, మనలను చూసి మనమే నవ్వినం."

వెనక గదిలోంచి అబ్బులు తుండుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. "అందరికంటే ముందు నవ్వింది నేనేరా అంజీ. తప్పే. ఒప్పుకుంటున్నాను కదా. అలాగని కాపురం విడగొట్టేసుకుంటామేంటి?"

"కాపురమా? మనం ఎప్పుడు కాపురం జేసినమే? నువ్వు డ్రైవరువు, ముందు సీట్ల కూసుంటవ్. మేం ఎనుక డబ్బాల లెక్క."

"మీ మేనేజరు ముదీర్ని వెనక కూర్చోబెట్టు మరి!"

నూర్ మొహమ్మద్ నవ్వాడు. లింగవ్వ కూడా నవ్వింది. అంజి మాత్రం లింబాద్రినే చూస్తున్నాడు. లేబరు క్యాంపుల్లోని వాళ్ళంతా లింబాద్రి ఏమంటే అదే అంటారు.

"నువ్వేమంటవన్నా?"

లింబాద్రి చొక్కా చేతిని తిప్పి వేశాడు. మడత మీద నీళ్ళు చిలకరించి, ఇస్త్రీ పెట్టెను నెమ్మదిగా లాగాడు. ఆవిరి లేచింది.

"నాకు పోవాల్ననే ఉన్నది."

"మరి బిడ్డ సీటు?" అంది లింగవ్వ, తల ఎత్తకుండా.

వాసంతి డబ్బా మూత మీద వేలు పెట్టుకుని కూర్చుంది. తండ్రి 'ఉంట' అంటే బాగుండునని ఆమెకు అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. అయినా అనిపించడం ఆగలేదు.

"సీటు సీటే, మాట మాటే," అన్నాడు లింబాద్రి. "గని నా కాలు ఇరిగినప్పుడు కంపెనోడు రాలే. ఆ సారే వచ్చిండు. ఆయన మొకం ముంగట నిలవడి అనాలె గద. అదే నాకు పరేషాను."

అంజి దగ్గరకొచ్చి, "నువ్వు మొదలు వెట్టన్నా. నువ్వెట్లంటే మేమట్లనే అంటం," అన్నాడు.

శుక్రవారం నమాజు అయ్యాక, హోటల్ పై అంతస్తులోని హాలు నిండిపోయింది. ముందు వరసల్లో చీరలు, సూట్లు. వెనక వరసల్లో కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కాలు, తల నూనెల వాసన. వేదిక మీద తెల్లబోర్డు పెట్టారు. గుర్తులు వేసేది నిఖిత. ఆమెకు తెలుగు రాయడం రాదు గనుక రామచంద్రరావు వాసంతిని పిలిచి పైన రెండు మాటలు రాయించాడు. ఒకవైపు 'ఉంటాను', ఇంకోవైపు 'పోతాను'. మార్కరు మూత పెట్టి తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతి మీద సిరా అంటింది.

మొదట మాటలయ్యాయి. ఒకాయన కలిసి ఉంటే బలమన్నాడు. అంజి లేచి నాటకం సంగతి చెప్పాడు. ముందు వరసలో ఎవరో, "హాస్యాన్ని హాస్యంగా తీసుకోవాలి," అన్నారు. "మీ మీద రాయుండ్రి, తీస్కుంటం," అన్నాడు అంజి. అరుపులు లేచాయి. రామచంద్రరావు మైకును వేలితో తట్టి, "యల్లా, ఓటింగ్," అన్నాడు. "ఒక్కొక్కరే రావాలి. ఒక్కటే మాట. ఒకసారి అన్న మాట మార్చటానికి లేదు."

ముందు వరసల వాళ్ళు వచ్చి 'ఉంటాను' అని దిగిపోయారు. అబ్బులు కూడా 'ఉంటానండి' అన్నాడు. వెనక నుంచి "అమ్ముడుపోయినవ్ పో!" అని అంజి అరిస్తే, "నిన్ను నేనే కొంటాను రా!" అని మైకులోనే జవాబిచ్చాడు. అందరూ నవ్వారు.

తర్వాత లింబాద్రి.

అతను కొంచెం కుంటుతూ మెట్లెక్కాడు. మైకు అతనికి కాస్త ఎత్తులో ఉంది. రామచంద్రరావే చెయ్యి చాపి దాన్ని వంచాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. తండ్రి పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. వాళ్ళింట్లో పొలానికి పోయేటప్పుడు కూడా ఎవరూ 'పోత' అని గడప దాటరు. ఈ దేశంలోనైతే అసలే అనరు. అలా అని పోయినవాళ్ళు విమానంలో ఏ పెట్టెలో తిరిగి వస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. పైగా మంచం పక్కన కూర్చుని మందులు ఇప్పించిన మనిషి ముఖం మీద.

లింబాద్రి రెండు చేతులూ జోడించాడు.

"పోయొస్త సార్," అన్నాడు.

వెనక నుంచి చప్పట్లు లేచాయి. లింగవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సీటు పోయిందని వాసంతికి అర్థమైంది. కానీ తండ్రి చేతులు అలా జోడించి ఉండటం చూసి ఆమెకు ఏడుపు రాలేదు.

ఆ తర్వాత అంజి. "పోయొస్త సార్." నూర్ మొహమ్మద్. "పోయొస్త సార్." వెనక వరసలన్నీ అదే మాట, ఒకరి వెంట ఒకరు, చేతులు జోడించి. అలా అనడం వాళ్ళకు తేలికగా ఉంది, మర్యాదగానూ ఉంది. నిఖిత ఆ గుర్తుల్ని ఎక్కడ వేయాలో తెలియక బోర్డు అడుగున విడిగా వేసుకుంటూ పోయింది. చివరికి మార్కరుతో అటు చూపించి, "తాతయ్యా, ఇవి ఎటు?" అంది.

రామచంద్రరావు బోర్డు వైపు చాలాసేపు చూశాడు. అడుగున ఉన్న గుర్తులు పైవాటికంటే ఎక్కువ. తర్వాత మైకు అందుకున్నాడు.

"వీళ్ళెవరూ 'పోతాను' అనలేదు. 'పోయి వస్తాను' అన్నారు. 'పోయి' అన్నది అసమాపక క్రియ. దాంతో వాక్యం పూర్తి కాదు. పూర్తి చేసేది 'వస్తాను'. వచ్చేవాడు ఉన్నట్టే గదా. ఇవన్నీ 'ఉంటాను' కిందికే వస్తాయి."

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలంతా లేచింది.

"అదేంటండీ!" అబ్బులు కుర్చీ మీదికి ఎక్కాడు. "మా ఊళ్ళోనూ అంతే అంటాం కదండీ! మా చెల్లెలు అత్తారింటికి పోతూ వెళ్ళొస్తానంది. మా ఇంట్లోనే ఉన్నట్టా?"

"ఖుదా హాఫిజ్ అన్న గూడ ఉన్నట్టేనా సార్?" అన్నాడు నూర్ మొహమ్మద్.

"పోతం! పోతం! ఇప్పుడంటున్నం రాసుకోండ్రి!" అంజి గొంతు చీలిపోయింది.

"ఓటింగ్ ఖలాస్. నియమం ముందే చెప్పాను." రామచంద్రరావు మైకు వదల్లేదు. ఆయన హాలు మొత్తం కలయచూసి, వాసంతిని చూశాడు. "సరే, నా మాట వద్దు. మీ పిల్లనే అడుగుదాం. వాసంతీ, రామ్మా."

ఎవరో ఆమె భుజం మీద చెయ్యి వేసి ముందుకు నెట్టారు. వేదిక మీద ఆయన మైకును ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఎదురుగా హాలంతా ముఖాలే. ఆమె ఎప్పుడూ ఇంతమంది ముందు మాట్లాడలేదు.

"భయపడకు. 'పోయొస్త' అన్న దాంట్లో సమాపక క్రియ ఏది?"

అది బడి ప్రశ్న. బడి ప్రశ్నకు జవాబు ఒకటే ఉంటుంది.

"'వస్త', సార్," అంది.

ఆ మాట స్పీకర్లలోంచి పెద్దగా వెళ్ళి వెనక గోడను తాకింది. ఆమె ఇంకా ఆపలేదు. మాట్లాడుతూనే ఉంది. కానీ ఆయన, "విన్నారు గదా!" అంటూ మైకును తన వైపు లాక్కున్నాడు. మిగతా మాట మైకు లేకుండానే ఆమె నోట్లోంచి వచ్చింది. "కాని మా బాపు పోతననే అన్నడు సార్."

ముందు వరసల చప్పట్లలో అది కలిసిపోయింది. నిఖిత అడుగున ఉన్న గుర్తులన్నిటి చుట్టూ ఒక గీత గీసి, 'ఉంటాను' వైపు బాణం వేసింది. వాసంతి కిందికి చూస్తే వెనక వరసలో అంజి తనను చూస్తున్నాడు. లింబాద్రి చూడటం లేదు. కుర్చీలో వంగి, బూటు దారం విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు.

సత్వాలో బస్సు దిగాక అంజి అన్నాడు. "సీటు ముబారక్ బిడ్డా."

"పోరా, పిల్లను ఏమనకు," అంది లింగవ్వ. కానీ ఆమె గొంతులో కూడా బలం లేదు.

శనివారం పొద్దున లింబాద్రి గోదాంకు బయలుదేరుతుంటే వాసంతి టిఫిను డబ్బా తెచ్చి ఇచ్చింది. "బాపు, నేను ఇంకో మాట గూడ చెప్పిన. సారు మైకు..."

"నువ్వు తప్పు చెప్పలేదు తియ్ బిడ్డా. సదువుకున్నదానివి. సదువుల ఉన్నదే చెప్పినవ్." అతను డబ్బా మూత గట్టిగా నొక్కి సంచిలో పెట్టుకున్నాడు. ఆ మాటలో కోపం ఉంటే ఆమె జవాబు చెప్పగలిగేది. లేదు. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. మిగతా మాట చెప్పకుండానే ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆ రోజు వంటగదిలోకి ఆమె వెళ్ళగానే అంజి గిన్నె తీసుకుని బయటికి నడిచాడు. అబ్బులు మాత్రం, "తిను పాపా," అని ఒక దోసె ఆమె పళ్ళెంలో వేశాడు.

ఆదివారం స్కూల్లో కృష్ణవేణి గది చల్లగా, శుభ్రంగా ఉంది. ఆమె నవ్వుతూ లేచింది. ఫారంలో వివరాలన్నీ తనే నింపింది. వాసంతి పేరు రాసేటప్పుడు ఒక్కో అక్షరం అడిగి రాసింది. "ఇంక ప్రిన్సిపాల్ గారి సంతకమే. నేను తీసుకెళ్తాను. మీరు వెళ్ళొచ్చు. సాయంత్రం ఫోను చేస్తాను."

లింబాద్రి లేచి చేతులు జోడించాడు. అతను నోరు తెరిచేలోపే వాసంతి అంది.

"పోతున్న మేడం."

లింబాద్రి ఉలిక్కిపడి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. కృష్ణవేణి కూడా చేతిలో ఫారం పట్టుకునే ముందుకు వచ్చింది.

"అయ్యయ్యో, అలా అనకూడదమ్మా! శుభమా అని చేరుతూ అదేం మాట? వెళ్ళొస్తానని చెప్పాలి. మా అమ్మ అయితే మళ్ళీ కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి పంపేది."

"అట్లంటే ఉన్నట్టు గద మేడం," అంది వాసంతి. గొంతు చాలా చిన్నగా వచ్చింది. వేళ్ళు చున్నీ అంచును మెలిపెడుతున్నాయి.

కృష్ణవేణి ముఖంలోంచి నవ్వు ఒక్కసారిగా పోయింది. ఆమె చేతిలోని ఫారం వైపు చూసుకుంది. సీటు ఇప్పుడు ఆ చేతిలో ఉంది. వాసంతికి ఏడవాలనిపించింది, కానీ అన్న మాటను వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"మాఫ్ చెయ్యుండ్రి మేడం. చిన్నపిల్ల, తెల్వక..." అన్నాడు లింబాద్రి.

"తెలిసే అంది." కృష్ణవేణి కుర్చీలో కూర్చుంది. "మొన్న కూడా తెలిసే అంది. నేను ముందు వరసలో ఉన్నాను. విన్నాను."

"ఏమిన్నరు?" అడిగాడు లింబాద్రి.

ఆమె ఫారం బల్ల మీద పెట్టింది. "మైకు తీసేశాక మీ పాప ఇంకో మాట అంది. మా బాపు పోతననే అన్నడు, అని."

కృష్ణవేణి నోటి నుంచి 'బాపు' అన్న మాట కొత్తగా వినిపించింది. లింబాద్రి కూతురి వైపు తిరిగాడు. ఆమె తల వంచుకునే ఉంది. ఆమె మోచెయ్యి మీద ఉన్న అతని చెయ్యి కదల్లేదు. కాసేపటికి అతను నెమ్మదిగా అడిగాడు.

"సారుకు ఇనపడలేదా మేడం?"

కృష్ణవేణి తల ఎత్తలేదు.

"వినపడింది. ఇంటికొచ్చాక నాతో చెప్పారు."

ఆమె లేచి, ఫారం తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. తండ్రీ కూతురూ నిలబడే ఉన్నారు. లింబాద్రి కిటికీలోంచి ఆడుకుంటున్న పిల్లల్ని చూస్తున్నాడు గానీ అతని కళ్ళు వాళ్ళ మీద లేవు. విరిగిన కాలు మీద బరువు మోపి నిలబడ్డాడని వాసంతి గమనించింది. అలా ఎప్పుడూ నిలబడడు.

తలుపు తెరుచుకుంది. ఫారం మీద సంతకం పచ్చసిరాతో ఇంకా తడిగా ఉంది. కృష్ణవేణి దాన్ని రెండు చేతులతో ఇచ్చింది. "రేపటి నుంచి పంపండి."

లింబాద్రి కాగితం తీసుకున్నాడు. దాన్ని చూడలేదు. తలుపు దాకా నడిచి, అలవాటుగా వెనక్కి తిరిగి, చేతులు జోడించాడు. 'వెళ్ళిరండి' అనడానికి కృష్ణవేణి కూడా లేచి నిలబడింది. అతను నోరు తెరిచాడు. ఆమె ఎదురుచూసింది.

ఏ మాటా రాలేదు. అతను చేతులు దించి, కూతుర్ని ముందు నడవనిచ్చి, బయటికి నడిచాడు.